జైనబీ మీద నాలుగు రోజుల విచారణ

స్టాన్‌బరీ దొర ఉద్యోగ జీవితం నాలుగు వందల పన్నెండు పేజీలు. కుటుంబ జీవితం రెండున్నర పేజీలు. రెండూ ఆయన చెబుతుంటే టైపు కొట్టింది నేనే కాబట్టి ఈ సంగతి నాకు తెలుసు. ఆ రెండున్నర పేజీల్లో కూడా ఒక పేజీ ఆయన పెంచిన కుక్క గురించి.

నేనిప్పుడు రాస్తున్నది ఆయన గురించి కాదు. ఆయన ఇంట్లో పందొమ్మిదేళ్లుగా వంట చేస్తూ, బట్టలుతుకుతూ, ఈ మధ్య ఆయనకు స్నానం కూడా చేయిస్తున్న జైనబీ గురించి. కానీ ఆ ఇంట్లో ఆమె గదికి పోవాలంటే దొర కూర్చునే వరండా దాటే పోవాలి. ఇక్కడా అంతే. ముందు ఆయన్ని చూపించకుండా ఆమె దగ్గరికి తీసుకుపోలేను.

నా పేరు వీరబ్రహ్మం. మాది మైదుకూరు దగ్గర ఒక పల్లె. మస్కట్‌లో, ఘాలాలో గ్యారేజీల వెనక వరసలో నాకు చిన్న టైపింగు షాపుంది. కంపెనీ బస్సు దిగి రూముకు పోయే వాళ్ళంతా నా షాపు ముందునుంచే పోతారు. వీసా కాగితాలు, బతాకా అనే ఇక్కడి గుర్తింపు కార్డు రెన్యువలు, ఆఫీసులకు అర్జీలు, అన్నీ కొడతాను. రెండేళ్ల కిందట జైనబక్క వచ్చి, మా ముసిలోడు పుస్తకం రాస్తాడంట, చేతులు వణుకుతాండాయి, శనివారం శనివారం వచ్చి కొట్టిపోతావా అని అడిగింది. సరేనన్నాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మా నాయన చెప్పిన మాట అప్పుడు గుర్తు రాలేదు.

దొర 1957లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, అప్పట్లో తెల్లవాళ్ళ చేతిలో ఉన్న ఏడెన్ రేవు పైనున్న కొండల్లో పొలిటికల్ ఆఫీసరుగా చేరాడు. మన పాత జిల్లాల్లో కలెక్టరు ఎంతో అక్కడ ఆయన అంత. దారి కాశారనో మాట వినలేదనో ఒక ఊరి మీద కోపం వస్తే, ముందు విమానంలోంచి కాగితాలు చల్లించేవాడట, మూడు రోజుల్లో ఊరు ఖాళీ చేయండి అని. నాలుగో రోజు బాంబులు. ఆ తర్వాత ఊరి పెద్దలు తుపాకులు తెచ్చి ఆయన ముందు నేల మీద పెట్టి క్షమించమంటారు. అప్పుడాయన మడత కుర్చీలో కూర్చుని విచారణ జరిపి, నేరమేమిటో వాళ్ళ నోటితోనే చెప్పించి, జరిమానా వేసి, క్షమిస్తాడు. ఇలాంటివి పుస్తకంలో పదిహేడున్నాయి. ఒకదానికి "నష్టం: పదకొండు ఇళ్లు, ఒక గాడిద" అని చెప్పి, గాడిద స్పెల్లింగు సరిగ్గా కొట్టావా అని నన్నడిగాడు.

అరవై ఏడులో తెల్లవాళ్ళు ఏడెన్ వదిలిపెట్టాక కొన్నాళ్లు ఎక్కడెక్కడో ఉండి, డెబ్బై ఒకటిలో మస్కట్‌కు సలహాదారుగా వచ్చాడు. రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయాడు. ఇంగ్లండులో చలి తట్టుకోలేనని పుస్తకంలో రాయించాడు. అక్కడ ఎవరి ఇల్లు వాళ్ళే ఊడ్చుకోవాలన్న మాట ఆయన చెప్పలేదు, నేను చెబుతున్నాను. భార్య మార్జరీ గురించి ఒకటే వాక్యం: "1964లో వాతావరణం పడక ఆమె కూతురితో ఇంగ్లండు వెళ్ళిపోయింది." కొడుకు అప్పటికే అక్కడ హాస్టలు బడిలో ఉన్నాడు. ఆ కొడుకు ఇప్పుడు కెనడాలో ముసలివాడు. తండ్రితో మాటల్లేక ముప్పై ఏళ్లు.

జైనబీది రాయచోటి. మొగుడు మౌలాలి, బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ దుమ్ము గుండెల నిండా పట్టి, ముప్పై నాలుగేళ్లకే పోయాడు. కొడుకు ఇమ్రాన్ అప్పటికి చిన్నవాడు. వాణ్ణి అక్క రజియా చేతుల్లో పెట్టి ఏజెంటు వెంట వచ్చింది. మొదట నాలుగేళ్లు సూర్‌లో ఒక పెద్ద కుటుంబంలో పనిచేసింది. ఆ ఇంటి ముసలమ్మ తనను కూతురిలా చూసిందని ఇప్పటికీ చెబుతుంది. ముసలమ్మ పోయాక దొర ఇంటికి వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఫోన్లో రాయచోటితో మాట్లాడుతుంటే ఫోను లేకపోయినా అవతలి వాళ్ళకు వినబడుతుందేమో అనిపిస్తుంది. ఆ గొంతు దొర ముందు మాత్రం "జీ సాబ్" దాటి పోదు.

ఆమెకున్న కోరిక ఒకటే. మక్కా చూడాలి. హజ్ కాకపోయినా, ఏడాదిలో ఎప్పుడైనా చేయగలిగే చిన్న యాత్ర ఉమ్రా అయినా చేయాలి. మస్కట్ నుంచి బస్సులు పోతాయి. ఎడారిలో పడి రెండు రోజుల దారి, పన్నెండు రోజుల్లో వెనక్కి తెస్తారు. కిందటేడు మోకాళ్లు అరిగాయని డాక్టరు చెప్పాక, ఇంకా ఆగితే కాబా చుట్టూ తిరిగే తవాఫ్‌కు చక్రాల కుర్చీ కావాల్సొస్తుందని భయం పట్టుకుంది. గురువారం బయల్దేరే బస్సులో సీటు పెట్టుకుంది. తను లేని పన్నెండు రోజులూ దొరను చూసుకోవడానికి ఆశ అనే గోదావరి జిల్లా పనిమనిషిని ఒప్పించింది. ఇక కావాల్సింది రెండే: దొర బీరువాలో ఉన్న పాస్‌పోర్టు, పోవడానికి అభ్యంతరం లేదని ఆయన సంతకం పెట్టిన కాగితం. ఆ రెండూ బుధవారం మధ్యాహ్నంలోగా బస్సు వాళ్ళకు ఇవ్వకపోతే సీటు పోతుంది.

యాత్రకు పోయే ముస్లింలు పోయే ముందు ఒక పని చేస్తారు. ఎరిగిన వాళ్ళందరి దగ్గరికీ పోయి, "కహా సునా మాఫ్ కరో" అంటారు. అన్నదీ విన్నదీ మాఫ్ చెయ్యమని. ఫలానా తప్పు అని ఏమీ ఉండదు. తెలిసో తెలియకో ఏదన్నా నొప్పించి ఉంటే ఆ బరువు మోసుకుని అల్లా ఇంటికి పోకూడదని అంతే. అడిగించుకున్న వాళ్ళు "చేసినాను, నువ్వు కూడా నన్ను మాఫ్ చెయ్యి" అనాలి. అది లేకపోతే సగమే అయినట్టు. మా కడప జిల్లాలో హిందువులకు కూడా ఇది తెలుసు. మా ఊరి దూదేకుల పెద్దాయన హజ్‌కు పోతూ మా నాయన ముందు నిలబడి ఏడ్చిన రోజు నేను చూశాను.

జైనబక్క నా షాపుకు కూడా వచ్చింది.

"ఏమప్పా బ్రెమ్మం, ఎప్పుడన్నా ఒక మాట అనింటా. మాఫ్ చెయ్యి నాయనా," అంది.

"నువ్వు నన్ను తిట్టని రోజు యాడుందక్కా? అయినా చేసినాలే. నన్ను కూడా మాఫ్ చెయ్యి," అన్నాను.

"సచ్చినోడా," అని నవ్వి పోయింది. కొత్తగా ఒక తిట్టు చేరింది కానీ పద్ధతి పూర్తయింది.

శనివారం నేను వరండాలో కంప్యూటరు ముందున్నాను. జైనబక్క తలమీద కొంగు సర్దుకుని వచ్చి దొర ముందు నిలబడింది. ఆమె, దొర మాట్లాడుకునేది హిందీ, అరబ్బీ కలగలిసిన వంటింటి భాష. తను ఉమ్రాకు పోతున్నానని, పందొమ్మిదేళ్లలో తప్పేమన్నా చేసుంటే మాఫ్ చెయ్యమని, పాస్‌పోర్టు, కాగితం ఇప్పించమని చెప్పింది.

దొర కళ్లజోడు తీశాడు. "ఏ తప్పు?" అన్నాడు.

"ఏదైనా సాబ్."

"ఏదైనా అంటే? తేదీ ఏమిటి?"

ఆమె నా వైపు చూసింది. నేను ఇంగ్లీషులో చెప్పబోయాను, సార్ ఇది ఆచారం, యాత్రకు ముందు అందరూ అందరినీ అడుగుతారు, నన్ను కూడా అడిగింది అని.

ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. "మిస్టర్ బ్రహ్మం, నువ్వు హిందువువి. నేను ముస్లింల మధ్య అరవై ఏళ్లకు పైగా బతికాను. వాళ్ళ ఆచారాలు నాకు నువ్వు చెప్పక్కర్లేదు. నేరం లేకుండా క్షమాపణ అడిగిన మనిషిని నా సర్వీసులో ఒక్కణ్ణి కూడా చూడలేదు. పదిహేడు తెగలు వచ్చి అడిగాయి. పదిహేడుసార్లూ నేరం ఉంది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఏమీ తెలియనివాడైతే కనుక్కునేవాడు. ఈయనకు తెలుసు కదా. పుస్తకం పని ఆపి కొత్త ఫైలు తెరవమన్నాడు. పైన "జైనబీ విషయంలో విచారణ" అని కొట్టించాడు. కింద ప్రశ్నలు: నేరమేమిటి, ఎప్పుడు, ఎవరు లాభపడ్డారు, సాక్షులెవరు. తేలేదాకా పాస్‌పోర్టు ఇవ్వనన్నాడు.

నేను కొట్టాను. ఎందుకు కొట్టావు అని మీరడగొచ్చు. ఆయన చెబుతాడు, నేను కొడతాను. రెండేళ్లుగా చేతికి అదే అలవాటు.

ఆదివారం ఇంట్లో సామాను లెక్క పెట్టించాడు. లెక్క పెట్టింది ఆయన కూతురు కెరొలైన్. అరవై ఆరేళ్ల మనిషి, పుస్తకం అచ్చుకు తీసుకుపోదామని ఇంగ్లండు నుంచి వారం రోజులకు వచ్చింది. వెండి చెంచాలు నలభై ఎనిమిది ఉండాలి, నలభై తొమ్మిది తేలాయి. ఒకటి ఎక్కువ! అది కూడా ఫైల్లోకి ఎక్కింది, "వివరణ కావాలి" అని. సోమవారం తోటపని చేసే బంగ్లాదేశీ మనిషిని పిలిచి గంట సేపు అడిగాడు. వాడు జైనబీ మీద చెప్పిన నేరం ఒక్కటే, కూరలో కారం ఎక్కువేస్తుందని.

సోమవారం సాయంత్రం నేను జైనబక్కతో వంటింట్లో అన్నాను. "అక్కా, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని ఈ దేశంలో చట్టం ఉండాది. అర్జీ కొట్టిస్తా. రేప్పొద్దున పోయి ఇచ్చేసి వద్దాం."

ఆమె పొయ్యి తగ్గించి నా వైపు తిరిగింది. "మాఫీ అడిగి పోవాల్సిందాన్ని, కేసు పెట్టి పోతానా? అట్ల పోతే అది ఉమ్రా ఎట్లయితాదప్పా?"

"మరి బుధవారం?"

"అదే నాకూ తెల్డం లేదు. ముప్పై ఏండ్ల నుంచి అనుకుంటాండా, బ్రెమ్మం. బస్సు గడప దాకా వచ్చె. ఈ ముసిలోడు చెంచాలు ఎంచుకుంటా కూచ్చున్యాడు," అని చెప్పి గోడకేసి తిరిగి ఏడ్చింది. పందొమ్మిదేళ్లలో ఆమె ఏడవడం చూసింది ఆ వంటిల్లు ఒక్కటే అనుకుంటాను. నేను చూడటం అదే మొదలు.

అప్పుడే కెరొలైన్ టీ కోసం వచ్చింది. జైనబక్క ఏడుపు చూసి కుర్చీలో కూలబడి, తన కథ చెప్పింది. నేను తెలుగులో చెబుతుంటే జైనబక్క వింటూ ఉంది.

వాళ్ళమ్మ మార్జరీ ఇంగ్లండు పోయింది వాతావరణం వల్ల కాదు. ముందు రోజు మొగుడూ పెళ్ళాలు ఏదో మాట పట్టింపు పడ్డారు. పొద్దున టిఫిను దగ్గర మార్జరీ, పోనీలే అని, "నన్ను క్షమించు హెరాల్డ్," అంది. ఆయన ఫోర్కు కింద పెట్టి, "దేనికి?" అన్నాడట. నిన్నటి దానికి అంది. నిన్న నువ్వు నాలుగు మాటలన్నావు, ఏ మాటకు అన్నాడట. ఆమె ఆ పూటే ఓడ టిక్కెట్టు కొనుక్కుంది. ఆరేళ్ల కెరొలైన్ బల్ల దగ్గరే ఉంది. కొడుకు తొమ్మిదేళ్లప్పుడు హాస్టలు నుంచి, నాన్నా మార్కులు తగ్గాయి క్షమించు అని రాస్తే, జవాబుగా ఏడు ప్రశ్నలు నంబర్లేసి పంపాడట. ఆ కాగితం అతని దగ్గర ఇప్పటికీ ఉందట.

"మా నాన్నను ఎప్పుడూ క్షమాపణ అడగకూడదు," అంది కెరొలైన్ కళ్లు తుడుచుకుంటూ. "మా ఇంట్లో అందరికీ తెలుసు."

"అయితే నువ్వు పోయి చెప్పమ్మా ఆయనకు," అంది జైనబక్క. "కూతురివి గదా. కాగితం మీద సంతకం పెట్టమను."

నేనా మాట చెప్పాను. కెరొలైన్ టీలో చక్కెర కలుపుకుంది. తను గురువారం పోవాలని, నాన్నకు ఈ వయసులో కోపం తెప్పించడం మంచిది కాదని, అసలు ఆ ఆశ అనే ఆమెకు ఆయన మందులు తెలుసో లేదోనని, ఉమ్రా వచ్చే ఏడు కూడా ఉంటుంది కదా అని అంది. అప్పుడు నాకు అర్థమైంది. జైనబీ పన్నెండు రోజులు కదిలితే, ఏదన్నా తేడా వస్తే ఆ ముసలాయన్ని చూసుకోవాల్సింది తనేనని ఆమె భయం. కన్నీళ్లు నిజమే. పనికి మాత్రం రావు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ పిల్లి కూతురు కూడా పక్కన కూర్చుని ఎలుక మీద జాలిపడింది.

మంగళవారం దొర విచారణ ముగిస్తానన్నాడు. నేను కంప్యూటరు ముందు, కెరొలైన్ కిటికీ దగ్గర, జైనబక్క ఎప్పటిలాగే నిలబడి. ఆయన మెత్తగానే మాట్లాడాడు. సాక్ష్యం దొరకలేదు. కాబట్టి కొండల్లో తను చివరికి చేయించే పనే ఇక్కడా చేయిస్తాడు. కురాన్ మీద చెయ్యి పెట్టి, నేను స్టాన్‌బరీకి ఏ ద్రోహమూ చెయ్యలేదు అని ఒట్టు పెడితే, "నేరం లేదు" అని రాసి పాస్‌పోర్టు, కాగితం ఇచ్చేస్తాడు. రెండూ బల్ల మీదే ఉన్నాయి. బీరువాలోంచి తీసి పెట్టుకున్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క ముక్క. ఈ మనిషి చెంచా ఎక్కువ పెట్టిందే తప్ప తక్కువ చెయ్యలేదు. ఒట్టు పెడితే అయిపోతుంది.

జైనబక్క తన గదిలోంచి కురాన్ తెచ్చింది. గుడ్డ విప్పింది. చెయ్యి పైకెత్తి, పెట్టబోయి, ఆగింది. గుడ్డ మళ్ళీ చుట్టేసింది.

"బ్రెమ్మం," అంది తెలుగులో. "నేను ఒట్టు పెట్టలేనప్పా."

"ఏమైందక్కా? పెట్టేస్తే పోతాది గదా!"

"ఉత్త ఒట్టు పెట్టి మక్కాకు పోతానా? ఈయనకు నేను చేసిన తప్పు ఒకటుండాది. ఎవురికీ చెప్పలా. చెప్తా, నువ్వు ఇంగిలీసులో చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. మెత్తగా చేసి చెప్పినావంటే ఆ పాపం నీది."

గొంతు మామూలుగా ఉంది. రాయచోటితో ఫోన్లో మాట్లాడే గొంతు.

"పదకొండేండ్లుగా ఈయన సావాలని దువా చేస్తాండా. ఐదు పూటలా. ఒక్క పూట కూడా ఇడ్సలేదు."

ఆమె ఆగలేదు.

"మా అక్క రజియా నన్ను పెంచె, నా కొడుకును పెంచె. ఒగ బుధవారం పొద్దున ఫోనొచ్చె, అక్క పోయిందని. నేను ఏడ్సుకుంటా ఈయన కాడికొచ్చి, సాబ్, పంపీండి, పోయొస్తా అంటి. ఈయన ఏమనె తెలుసునా? మీవాళ్ళు అదే దినం పూడుస్తారు గదా, నువ్వు చేరేతాలికి అంతా అయిపోయింటాది, పోయి ఏం చేస్తావు? రేపు బేస్తవారం నాకు చుట్టం వస్తాండాడు, బిరియానీ చెయ్యాల అనె. చేసినా. కండ్లు తుడ్సుకుంటా ఉల్లిగడ్డలు కోస్తి. ఉల్లిగడ్డలకనుకున్యాడు ముసిలోడు. ఆ దినం పొద్దుగూకినాక మగ్రిబ్ నమాజులో మొదులుపెట్టినా. యా అల్లా, ఈన్ని తీసుకపో అని. మొన్న శనివారం నేను మాఫీ అడిగింది దీనికే. పేరు చెప్పకుండా అడిగితే చాలని మా పద్ధతి. ఈయన చెప్పమంటాండాడు. చెప్పు."

ఆ భోజనం నాకు తెలుసు. పుస్తకంలో మూడు వందల తొంభై ఎనిమిదో పేజీలో ఉంది. పాత స్నేహితుడు, ఎక్కడో గవర్నరుగా చేసినాయన, వచ్చి బిరియానీ మెచ్చుకున్నాడని నేనే కొట్టాను.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక్క మాట తగ్గించలేదు. కెరొలైన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

దొర ముఖం వెలిగింది. నిజంగా వెలిగింది, అబద్ధం చెప్పడం లేదు. "చూశావా? నేరం ఉంది," అన్నాడు నాతో. రోజుకు ఐదుసార్లా, ప్రయాణాల్లో కూడానా అని వివరాలడిగాడు. అన్నీ కొట్టించాడు. "అయితే ఫలించలేదన్నమాట," అని తన జోకుకు తనే కొంచెం నవ్వుకున్నాడు. తర్వాత నిటారుగా కూర్చుని చివరి వాక్యం చెప్పాడు: "నేరం ఒప్పుకోవడమైనది. క్షమించడమైనది." వణికే చేత్తో సంతకం పెట్టి, పాస్‌పోర్టు, కాగితం ఆమె ముందుకు తోశాడు. ఆయన దృష్టిలో ఇది పద్దెనిమిదోది.

అక్క చావు గురించి ఒక్క మాట లేదు. ఆ రోజు నేనలా అన్నానా అని కూడా అడగలేదు. నా చేతిలో ఏమన్నా ఉంటే విసిరేసేవాణ్ణేమో.

"డాడీ," అంది కెరొలైన్. "ఏదన్నా అనండి ఆమెతో."

"అన్నాను కదా. క్షమించాను."

జైనబక్క పాస్‌పోర్టు తీసుకుని అక్కడే నిలబడింది. ఎందుకు నిలబడిందో నాకు తెలుసు. అడిగించుకున్నవాడు తిరిగి అడగాలి. అరవై ఏళ్లు ముస్లింల మధ్య బతికిన మనిషి.

"బ్రెమ్మం, ఆయన నాతో ఏమన్నా చెప్పేదుండాదేమో కనుక్కో," అంది.

కనుక్కున్నాను. దొర కాసేపు ఆలోచించాడు. "ఉంది," అన్నాడు. "చొక్కాలకు గంజి ఎక్కువ పెడుతోంది. ఆ కొత్తామెకు చెప్పి వెళ్ళమను."

ఆమె తల ఊపి వంటింట్లోకి పోయింది. నిజంగానే ఆశకు గంజి సంగతి చెప్పింది కూడా.

గురువారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత రువీ బస్టాండులో బస్సు ఎక్కించడానికి పోయాను. తెల్లటి బుర్ఖా, మెడలో గ్రూపు కార్డు, చేతిలో రొట్టెల మూట. "అక్కా, నీ మీద ఆ కాగితం కొట్టింది నేను. మాఫ్ చెయ్యి," అన్నాను.

"చేసినాలే. పో," అంది. ఒక మెట్టు ఎక్కి మళ్ళీ తిరిగింది. "అయినా నాలుగు దినాలు వచ్చి కొట్టినావే, ఒక్క దినమన్నా షాపులో పనుండాదని రాకుండా ఉండొచ్చు గదప్పా."

వెనక వాళ్ళు తోసుకుంటూ ఎక్కారు. బస్సు పోయేదాకా నిలబడి షాపుకు వచ్చేశాను.

పన్నెండు రోజుల తర్వాత ఖర్జూరాలు, మక్కాలోని జంజం బావి నీళ్ల సీసా తీసుకుని వచ్చింది. మనిషి నల్లబడింది. మోకాళ్లకు పట్టీలున్నాయి. కానీ తవాఫ్ ఏడు చుట్లూ నడిచే చేశానని రెండుసార్లు చెప్పింది. నేను ఖర్జూరం తింటూ, కడుపులో ఉన్న మాట అడిగేశాను.

"అక్కా, ఇంకా ఆ ఇంట్లో ఎందుకు? వీసా కేన్సిలు చేయించుకుని ఇమ్రాన్ దగ్గరికి పో. కాగితాలు నేను చేస్తా. వద్దంటే ఈసారి నిజంగానే కేసు పెడదాం."

"పోను," అంది.

"ఆ మనిషి మీద ఇంకా దయేందక్కా?"

"దయా?" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "కాబా ముందర నిలబడి దువా మార్చుకున్యా, బ్రెమ్మం. ఈన్ని తీసుకపోవద్దు అని అడిగినా. నేను అడిగింది అడిగినా, నా కత అయిపాయ. ఈయనది ఉండాది. రజియా పేరు ఎత్తి మాఫీ అడిగేదాకా ఈయన సావకూడదు. నూరేండ్లయినా, నూట పదయినా. కండ్లు పోనీ, కాళ్లు పోనీ, మంచంలో పడనీ, సావు మాత్రం వద్దు. అడగల్లంటే నేను ఎదురుగా ఉండల్ల గదా? అందుకే పోను."

"అడగకపోతే?"

"అడగకపోతే బతుకుతానే ఉంటాడు."

జంజం నీళ్లు రోజూ ఒక చెంచా దొరకు తాపిస్తోందట. మందులు వేళ తప్పనివ్వదు. పథ్యం తప్పనివ్వదు. గుడ్డు మెత్తగా ఉడకబెట్టి తనే తినిపిస్తుంది. ఆశ చూసి, సొంత తండ్రిని కూడా ఇలా ఎవరూ చూసుకోరండీ అని నాతో అంది. కెరొలైన్ ఇంగ్లండు నుంచి జైనబీకి శాలువా పంపింది.

పుస్తకం అచ్చుకు పోయింది. శనివారాలు ఇప్పుడు నాకు ఖాళీ. కిందటి నెల దొరకు తొంభై రెండు నిండాయి. డాక్టరు వచ్చి పరీక్షచేసి, గుండె బ్రహ్మాండంగా ఉందన్నాడట.